కాళ్ల దగ్గర పడిన డొప్పలు

కువైట్‌లో నేను మొదట చేసింది ఇంటిపని. సబా అల్ సలేంలో ఒకే ఇంట్లో ఎనిమిదేళ్లు వండాను, ఉతికాను, ముగ్గురు పిల్లల్ని బడికి తయారుచేశాను. ఆ ఇంటావిడను అక్కడి పద్ధతిలో మామా అని పిలిచేదాన్ని. ఆమె వారానికి రెండు రోజులు షూటింగ్ క్లబ్బుకు పోయేది. వచ్చేటప్పుడు ఆమె నల్ల అబాయాకు ఒక విచిత్రమైన వాసన ఉండేది, దీపావళి మర్నాడు వాకిలి వాసన లాంటిది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇఖామా అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి; ఇంటి ఇఖామాను కంపెనీ ఇఖామాగా మార్చుకోవడానికి సర్కారు కొన్నాళ్లు వీలిచ్చింది. అప్పుడు మామా, "నిన్ను ఊరికి పంపను. మా క్లబ్బులో పని ఇప్పిస్తాను" అంది. అక్కడ శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీలో తన మాట మీదే నన్ను చేర్పించింది. అట్లా నేను ఆడవాళ్ల రేంజిలో ఊడ్చే మనిషినయ్యాను.

హవల్లీలో నలుగురు ఆడవాళ్లం ఒక గదిలో ఉండేవాళ్లం. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు వచ్చేది. రేంజి అంటే పొడవాటి హాలు. ఒక చివర నిలబడి కాల్చేవాళ్లు, ఇంకో చివర కాగితపు గురులు. కాల్చేవాళ్లకు వెనక నేల మీద పసుపు గీత ఉంటుంది. ఎర్రదీపం వెలుగుతున్నంత సేపు ఆ గీత దాటకూడదు. దీపం ఆరి, కోచ్ చెయ్యి ఊపాక నేను చీపురుతో లోపలికి పోవాలి. తూటా పేలాక పిస్టల్ పక్కనుంచి ఎగిరిపడే ఇత్తడి డొప్పల్ని పోగుచేసి డబ్బాలో ఎత్తాలి. నా పని అంతే.

ఆ డబ్బాను తీసుకుపోయి తుపాకులు బాగుచేసే గదిలో ఇచ్చేదాన్ని. అక్కడ కూర్చునే పెద్దాయన రాయచోటి మనిషి, ముప్పై ఏళ్లకు పైగా కువైట్‌లోనే ఉన్నవాడు. మొదటిరోజు నేను ఫోన్‌లో మా ఆయనతో మాట్లాడుతుంటే విని తలెత్తాడు.

"ఏం మా, యా ఊరు మనది?"

"పీలేరు పక్క భాయ్."

"అరె, మనోళ్లే. కూసో, టీ తాగు."

అప్పటినుంచి పదకొండు గంటల టీ ఆయన గదిలోనే. టీకి ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోమనేవాడు. తూటాల్లో సీసం ఉంటుంది, అది కడుపులోకి పోతే మంచిది కాదని. ఆయన్ని నేను భాయ్ అనేదాన్ని. క్లబ్బులో మిగిలినవాళ్లు ఉస్తాద్ అనేవాళ్లు.

డొప్పల్ని ఎందుకు దాచిపెడతారని అడిగితే ఆయనే చెప్పాడు. "తూటాలో నాలుగే మా. డొప్ప, దాని అడుగున బిళ్ళ, లోపల మందు, పైన గుండు. బిళ్ళకు దెబ్బ తగిల్తే మందు అంటుకుంటాది, గుండు పోతాది. డొప్ప మాత్రం మిగిల్తాది. దాన్ని కడిగి మళ్ల నింపుకోవచ్చు." నేర్చుకునేవాళ్ల కోసం క్లబ్బు అనుమతితో ఆ గదిలో ఆయన చేత్తో తూటాలు నింపేవాడు. బల్ల మీద ఒక చిన్న మర ఉండేది. పిడి కిందికి లాగితే కొలత ప్రకారం మందు డొప్పలోకి జారేది.

నేర్చుకునేవాళ్లకని క్లబ్బు ఎనిమిది చౌక పిస్టళ్లు కొన్నది. సభ్యులు తమ ఖరీదైన పిస్టళ్లను మెత్తటి పెట్టెల్లో తెచ్చుకునేవాళ్లు. వీటిని మాత్రం ఇనప బీరువాలో వరసగా నిలబెట్టేవాళ్లు. అరబ్బీలో రఖీస్ అంటే చౌక. అందరికీ అవి రఖీస్ పిస్టళ్లే. అవి తరచుగా పట్టేసేవి. పేలాక పిస్టల్ పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ డొప్పను విసిరేసి, కొత్త తూటాను లోపలికి తీసుకోవాలి. వీటిలో అది ఒక్కోసారి సగంలోనే ఆగిపోయేది. అందుకని కోచ్ మొదటి పాఠంలోనే నేర్పేసింది: పట్టేస్తే కంగారుపడకండి, పైభాగాన్ని చేత్తో వెనక్కి లాగి వదిలి, మళ్లీ కాల్చండి.

మా కోచ్ కువైటీ ఆమె. పొడుగ్గా ఉంటుంది, నవ్వు తక్కువ. ఆమెను అందరం కాప్టెన్ అని పిలిచేవాళ్లం.

ఊడ్చే మనిషికి నేల గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సభ్యులు కాల్చినప్పుడు డొప్పలు కుడివైపు వెనకాల, రెండు అడుగుల అవతల, ఒక్కచోటే చాపంత మేర పడేవి. నాలుగు చీపురు దెబ్బలతో అయిపోయేది. నేర్చుకునేవాళ్ల దగ్గర అట్లా కాదు. కొన్ని అక్కడ పడేవి, కొన్ని కాళ్ల దగ్గరే జారిపడేవి. ఆ కాళ్ల దగ్గరి డొప్పలు పక్కల మీద మసిపట్టి నల్లగా ఉండేవి. వాటిని కడగడానికి ఎక్కువ సేపు పడుతుందని భాయ్ వేరే డబ్బాలో వెయ్యమనేవాడు. ఎందుకు నల్లబడతాయని నేను అడగలేదు. గిన్నెలు మాడతాయి, ఇవీ మాడతాయి అనుకున్నాను.

ఒక శనివారం పొద్దున పది గంటలప్పుడు నలుగురు పక్కపక్కనే నాలుగు వరసల్లో కాలుస్తున్నారు. నేను గీతకు వెనక గోడ దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. మూడో వరసలో ఉన్నది పళ్ల డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉన్న కువైటీ అమ్మాయి. ఆ అమ్మాయి ఎప్పుడు కనబడ్డా సలాం చెప్పేది, నేనూ బదులిచ్చేదాన్ని.

చెవులకు మూతలు పెట్టుకున్నా పిస్టల్ చప్పుడు గుండెకు తగులుతుంది. ఆ రోజు మూడో వరసనుంచి ఒక చప్పుడు గుండెకు తగల్లేదు. 'టుప్' అన్నది, వానలో తడిసిన టపాకాయలాగా. పిస్టల్ పైభాగం కదల్లేదు. ఆ అమ్మాయి నేర్పినట్టే చేసింది. వెనక్కి లాగింది. డొప్ప కాళ్ల దగ్గర పడింది. కొత్త తూటా లోపలికి పోయింది. మళ్లీ చేతులు చాచి గురి పెట్టింది.

ఆ క్షణంలో నా బుర్రకు అందింది ఒక్కటే. అంత చిన్న చప్పుడుకు గుండు బయటికి పోయి ఉంటుందా? పోకపోతే ఎక్కడుంది?

"స్టాప్! ఖలాస్! ఖలాస్!" అని అరిచాను. మూతలున్న చెవులకు నా గొంతు ఏం వినపడుతుంది? గీత దాటితే అదో ప్రమాదం. గోడ మీద ఎర్రమీట ఉంది, కాప్టెన్ తప్ప ఎవరూ ముట్టకూడదని చెప్పినది. దాన్ని అరచేత్తో గుద్దాను. హాలంతా సైరన్ మోగింది. నలుగురూ చేతులు దించి, పిస్టళ్లు బల్లల మీద పెట్టేశారు.

కాప్టెన్ నా మీదికి వచ్చింది. "నువ్వా నొక్కింది? ఎందుకు?"

నా అరబ్బీ వంటింటి అరబ్బీ. "సౌత్ మూ జేన్," అన్నాను. చప్పుడు బాగా లేదు అని.

"ఆ పిస్టల్ రోజూ పట్టేస్తుంది. నీకు చీపురు ఇచ్చాం. సైరన్ ఇవ్వలేదు."

అందరి ముందూ అన్నది. నా ముఖం కాలిపోయింది. కానీ చెయ్యి మాత్రం మూడో వరస వైపు చూపిస్తూనే ఉన్నాను. "సౌత్ మూ జేన్, కాప్టెన్. గుండు లోపల ఉందేమో చూడండి."

ఆమె మంచి కోచ్. కోపంగా ఉన్నా ఆ పిస్టల్ తీసుకుని, తూటాలన్నీ తీసేసి, భాయ్‌ని పిలిపించింది. ఆయన సన్నటి ఇత్తడి కడ్డీని బ్యారెల్ గొట్టం మూతిలోనుంచి మెల్లగా దూర్చాడు. ఆ కడ్డీ అవతలికి రావాలి. సగంలో టక్కుమని ఆగింది.

భాయ్ అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. "గుండు ఇరుక్కుంది. దీని వెనక ఇంకొకటి పేల్చి ఉంటే బ్యారెల్ పగిలేది."

డాక్టరమ్మాయి తన కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కాప్టెన్ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

మధ్యాహ్నానికి కమిటీ పెద్దాయన ఉత్తర్వు వచ్చింది. ఎనిమిది రఖీస్ పిస్టళ్లూ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. నేర్చుకునే ఆడవాళ్ల తరగతి ఆపెయ్యాలి. వచ్చేవారం కమిటీ కూర్చుని నిర్ణయిస్తుంది. "చౌక సరుకు కొంటే ఇంతే" అని సభ్యులు వసారాలో అనుకుంటుంటే విన్నాను. సొంత పిస్టల్ కొనలేని ఆడపిల్లలకు ఆ తరగతి తప్ప దారి లేదు. తీసేస్తే వాళ్ల ఆట అక్కడితో సరి.

ఆ సాయంత్రం బస్సులో వస్తూ ఆలోచిస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. దానికి రెండు వారాల ముందు ఒక గురువారం భాయ్ నింపిన తూటాలు అయిపోయాయి. నేర్చుకునేవాళ్లకు అంగడి నుంచి వచ్చిన పెట్టె తూటాలు ఇచ్చారు. ఆ రోజు నేను తొందరగా ఊడ్చేశాను. డొప్పలన్నీ ఒక్కచోటే పడ్డాయి. కాళ్ల దగ్గర ఒక్కటీ లేదు, నల్లటిది ఒక్కటీ లేదు. పిస్టళ్లు అవే. మనుషులూ వాళ్లే.

అయితే తప్పు పిస్టళ్లది కాదు.

అక్కడిదాకా ఆలోచించి ఆగిపోయాను. తప్పు తూటాలదైతే, ఆ తూటాలు నింపింది ఎవరు? ఈ దేశంలో నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చిన మనిషి. కొన్నాళ్లుగా నేను చూస్తూనే ఉన్నాను. చక్కెర చెంచా గ్లాసుకు తగలకుండా బల్ల మీద ఒలికేది. చిన్న స్క్రూలను ముక్కు దగ్గరికి తెచ్చుకుని తిప్పేవాడు. పెట్టె మీద ఏం రాసుందో చదవమని నన్ను అడిగేవాడు. వయసు కదా అనుకున్నాను.

మర్నాడు టీ దగ్గర చెప్పేశాను.

"భాయ్, ఒక మాట జెప్తా. కోపం జేసుకోగాకు."

"జెప్పు మా."

"పిస్టళ్ల తప్పు గాదు. తూటాల్లో ఉండాది." గురువారం సంగతి, నల్ల డొప్పల సంగతి అన్నీ చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లుగా నింపుతాండా నేను."

"నింపుతాండావు భాయ్. ఈ మధ్య నీకు బాగా కనపడ్తాండాదా?"

గ్లాసు పక్కకు జరిపి, మర వైపు తిరిగాడు. తర్వాత, "పో మా. పనుండాది నాకు" అన్నాడు.

ఆ మర్నాడు నన్ను టీకి పిలవలేదు. డబ్బా గుమ్మం దగ్గరే పెట్టి వచ్చేశాను. ఎందుకు నోరు తెరిచానా అనిపించింది. వెంటనే ఆ అమ్మాయి చెయ్యి గుర్తొచ్చేది. రెండు ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ రోజంతా గడిచింది.

మూడోరోజు పొద్దున ఆయనే గుమ్మంలో నిలబడి పిలిచాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచి ఉంది. దాని మీద పన్నెండు చిన్న కుప్పలు. మిగిలిన తూటాల్లోనుంచి పన్నెండింటిని విప్పి, లోపలి మందును విడివిడిగా పోశాడు.

"నువ్వు సూడు మా. నాకు నమ్మకం ల్యా."

వంగి చూశాను. ఎనిమిది కుప్పలు ఒకేలా ఉన్నాయి. రెండింటిలో సగమే ఉంది. ఒకదాంట్లో గోటి మీద పట్టేంత. చివరిదాంట్లో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. ఒక్కొక్కటే చెప్పాను. సగం ఉన్నవాటికి తలూపాడు. చివరిది చెప్పగానే కళ్లు మూసుకున్నాడు.

"తక్కువైతే ఇరుక్కుంటాది. ఎక్కువైతే పగుల్తాది," అన్నాడు.

మర పిడిని పూర్తిగా లాగకపోతే మందు సగమే పడుతుంది. రెండుసార్లు లాగితే రెట్టింపు పడుతుంది. అందుకే నింపేవాడు గుండు బిగించేముందు ప్రతి డొప్పలోకీ తొంగి చూడాలి. భాయ్ ఇప్పటికీ తొంగి చూస్తూనే ఉన్నాడు. కళ్లల్లో శుక్లాలు ముదిరి, చూసే అలవాటు మాత్రం మిగిలింది. కనబడడం పోయింది. మందు సరిపోని తూటాకు పిస్టల్ పైభాగాన్ని వెనక్కి తోసే బలం ఉండదు. అందుకే పట్టేసేది, అందుకే డొప్ప కాళ్ల దగ్గర పడేది, అందుకే నల్లబడేది. పిస్టల్ చౌకది కాబట్టి పట్టేస్తుందని అందరం నమ్మాం. ఆ నమ్మకంతోనే లాగి మళ్లీ కాల్చమని నేర్పారు.

"జెప్తే పంపిచ్చేస్తారు మా," అన్నాడు భాయ్. "అరవై దాటినోనికి ఇఖామా దొరికేదే కష్టం."

నేను ఆ కుప్పల వైపే చూశాను.

"జెప్పకపోతే ఏదో ఒకనాడు ఒక బిడ్డ చెయ్యి పోతాది," అని తనే అన్నాడు. లేచి, ఆ కాగితాన్ని కుప్పలు కలవకుండా ఒక అట్ట మీదికి జరిపి, రెండు చేతులతో పట్టుకుని కమిటీ గదివైపు నడిచాడు. "నువ్వూ రా. డొప్పల సంగతి నువ్వే జెప్పాల."

కమిటీ పెద్దాయన పటాలంలో పనిచేసి రిటైరైనవాడు. కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా చొక్కా, మాట తక్కువ. ఆయన ముందు నిలబడి భాయ్ తిన్నగా చెప్పాడు. "పిస్టళ్లది తప్పు కాదు సార్. నాది. నా కళ్లది."

పక్కన కూర్చున్న ఒక సభ్యుడు చెయ్యి విదిలించాడు. "రఖీస్ రఖీసే. పారేసి మంచివి కొందాం. నా పిస్టల్ ఏనాడూ పట్టెయ్యలేదు."

నాకు అరబ్బీ చాలలేదు, సగం హిందీ కలిపాను. "బాబా, ఇంట్లో మిక్సీ తిరగకపోతే మిక్సీని పారేస్తామా? ఇంకో ప్లగ్గులో పెట్టి చూస్తాం. మీరు మీ పిస్టల్‌లో ఎప్పుడూ కొన్న తూటాలే వేశారు. దీంట్లో ఎప్పుడూ నింపినవే వేశాం. ఒక్కసారి మార్చి చూడండి. దాని తూటాలు దీంట్లో, దీని తూటాలు దాంట్లో."

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నవ్వాడు. "మిక్సీ!" అన్నాడు. "యల్లా, సరే, గురువారం పొద్దున. నేనే వస్తాను."

మాకు రెండు రోజులు దొరికాయి. భాయ్ ఎనిమిది పిస్టళ్లనూ విప్పి బల్ల మీద పరిచాడు. కళ్లు మసకైనా ఆ వేళ్లకు తెలియనిది లేదు. ఇరుక్కున్న గుండును బయటికి తీశాడు, అరిగిన స్ప్రింగులు మార్చాడు. ప్రతి భాగాన్నీ నా చేత టార్చి వేయించి, పగులు ఉందేమో అడిగాడు. ఒక పిస్టల్‌లో పేలకుండా ఆపే మీట తగిలితే చాలు జారిపోతున్నది. దాన్ని పక్కన పెట్టి ఎర్రగుడ్డ చుట్టాడు.

"దీన్ని నేనే వద్దంటా. చౌకదంటే చెడ్డదని కాదు మా. ఎక్కువసార్లు చూసుకోవాల్సింది, అంతే. ఇది మాత్రం నమ్మతగింది కాదు."

తర్వాత తూటాలు. ఆయన పిడి లాగేవాడు, నేను టార్చి వేసి డొప్పలోకి చూసేదాన్ని. మందు ఉండాల్సిన ఎత్తులో ఉంటేనే 'ఊ' అనేదాన్ని. అప్పుడే ఆయన గుండు పెట్టి బిగించేవాడు. అనుమానం వస్తే మందు వెనక్కి పోసి మొదటినుంచి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పని ఆపేసేవాళ్లం. ఫోన్లు గది బయట. ఒక్కోపూటకు కొన్నే అయ్యేవి. వేగం అవసరం లేదన్నాడు. అన్నిటినీ ఒక పెట్టెలో పేర్చి, పైన ఆ రోజు తేదీ నా చేతే రాయించాడు.

గురువారం పొద్దున హాలు నిండిపోయింది. కమిటీ వాళ్లు, సభ్యులు, తరగతి ఆడవాళ్లు అందరూ వచ్చారు. మా పాత మామా కూడా వచ్చి వెనక నిలబడింది.

మొదట పాత తూటాలను పరీక్షించాలి. వాటిని మనిషి చేతిలో పేల్చనివ్వనని భాయ్ ముందే చెప్పాడు. మందు ఎక్కువ పడ్డ తూటా ఏదైనా ఉందేమోనని ముందురోజే ఒక్కోటి తూచి, బరువైనవన్నీ తీసేశాడు. అట్లా మిగిలినవాటిని కూడా పిస్టల్‌ను ఇనప పట్టులో బిగించి, అడ్డుగాజు వెనకనుంచి తాడుతో ట్రిగ్గర్ లాగి పేల్చాలన్నాడు. ఒక్కో తూటాకీ బ్యారెల్‌లో కడ్డీ దూర్చి చూశాకే ఇంకొకటి పెట్టాలి. అయినా ఆ పరీక్షకు ఎవరి ఖరీదైన పిస్టల్ ఇస్తారు? రఖీస్ రఖీసే అన్న సభ్యుడు తన పెట్టె వెనక్కి జరుపుకున్నాడు.

"నాది పెట్టండి," అంది కాప్టెన్. పోటీల్లో గెలిచిన ఆమె పిస్టల్ అది.

నాలుగు తూటాలు బాగానే పేలాయి. అయిదోది మెత్తగా పేలింది. ఆ మంచి పిస్టల్ పైభాగం సగంలో ఆగిపోయింది. డొప్ప పక్కకు జారి పట్టు కిందే పడింది. నల్లగా ఉంది. గది మొత్తం ఒక్కసారి 'ఓ' అన్నది. ఇంకో మూడు పేలాక మళ్లీ పట్టేసింది. భాయ్ చెయ్యెత్తి, "చాలు" అన్నాడు. ఆ పిస్టల్‌ను అంతకుమించి కష్టపెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

తర్వాత ఏడు రఖీస్ పిస్టళ్లు. ముందు అంగడి తూటాలతో కాప్టెన్ కాల్చింది. ఒక్కటీ పట్టెయ్యలేదు. ఆపైన మా పెట్టె తెరిచారు. ఆ ప్రతి తూటా లోపలికీ చూసింది నా కళ్లే.

ఢామ్. ఢామ్. ఢామ్. ప్రతిదీ వచ్చి గుండెకు తగిలింది. మొదటి పిస్టల్ అయిపోయింది. రెండోది. మూడోది. నాలుగోదానికి వెనక తూటాలు లెక్కపెడుతున్నవాళ్లు లెక్క మానేశారు. ఆరోదానికి తరగతి ఆడవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఏడోది ముగిసి, కాప్టెన్ దాన్ని బల్ల మీద పెట్టి చేతులు పైకెత్తేసరికి హాలంతా చప్పట్లు. ఒక ముసలామె గొంతెత్తి అక్కడి పెళ్లిళ్లలో వేసే కూత వేసింది.

ఎర్రదీపం ఆరింది. నేను చీపురు తీసుకుని లోపలికి పోబోతుంటే పెద్దాయన, "ఆగు" అన్నాడు. గీత దాటి తనే నడిచి పోయి నేల చూశాడు. డొప్పలన్నీ కుడివైపు వెనకాల చాపంత చోటులో మెరుస్తున్నాయి. కాప్టెన్ నిలబడిన చోట ఒక్కటీ లేదు. ఆయన వంగి ఒక డొప్ప తీసుకుని, తన దిష్‌దాషా అంచుకు రుద్దాడు. తెల్లబట్ట తెల్లగానే ఉంది.

"ఈ నేల సంగతి ఎవరు కనిపెట్టారు?"

"ఈ చెల్లెలు సార్," అన్నాడు భాయ్.

పెద్దాయన తలూపి, భాయ్ వైపు తిరిగాడు. "ఇన్నేళ్లలో నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. ఈ వారం చెప్పి ఉంటే ఇంటికి పంపేవాణ్ణి. పోయి కళ్లు బాగుచేయించుకో. నీ కుర్చీ ఎక్కడికీ పోదు." అప్పటిదాకా నిటారుగా నిలబడిన భాయ్ బల్ల అంచు పట్టుకుని ఏడ్చేశాడు.

తరగతి మళ్లీ తెరిచారు. బీరువాలో ఏడు పిస్టళ్లు నిలబడ్డాయి. ఎర్రగుడ్డ చుట్టినదాన్ని ఇంకెవరూ వాడకుండా నిబంధన ప్రకారం నాశనం చేయించారు. కాప్టెన్ మొదటి పాఠం మార్చింది. పట్టేస్తే లాగకండి, చప్పుడు ఎట్లా వచ్చిందో గుర్తుచేసుకోండి, చప్పుడు తేడాగా ఉంటే పిస్టల్ కింద పెట్టి చెయ్యెత్తండి అని. ఎర్రమీట ఎవరైనా నొక్కవచ్చని గోడ మీద రాయించింది. అది రాస్తున్న రోజు నా దగ్గరికి వచ్చి, తరగతి అందరి ముందే, "సామహీనీ" అంది. నన్ను క్షమించు అని. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకుంది. నాకు అది చాలు.

భాయ్‌కి రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఆయన లేని రోజుల్లో గదిలో ఒక్క తూటా నింపలేదు. ఆయన తిరిగొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "ఏం మా, నీకు ఇన్ని తెల్ల ఎంటికలు ఉండాయా!" అన్నాడు. పడీపడీ నవ్వాను. కమిటీ మా కంపెనీతో మాట్లాడి నా పని మార్పించింది. ఇఖామాలో ఇప్పుడు నేను ఆయుధాల గదిలో సహాయకురాలిని. ఆయన పిడి లాగుతాడు, చూస్తాడు. తర్వాత నేనూ చూస్తాను. ఇద్దరం 'ఊ' అంటేనే గుండు బిగుస్తుంది. ఆయనకు కళ్లు తిరిగొచ్చినా ఆ పద్ధతి మానలేదు.

చలికాలంలో నేర్చుకునే ఆడవాళ్లకు పోటీ పెట్టారు. మూడు క్లబ్బుల నుంచి వచ్చారు. ఎక్కువమంది చేతుల్లో తళతళలాడే సొంత పిస్టళ్లు. మా డాక్టరమ్మాయి బీరువాలోనుంచి తన వరస పిస్టల్‌నే అడిగి తీసుకుంది, గుండు ఇరుక్కున్న అదే పిస్టల్‌ను. దానికి భాయ్ కొత్త బ్యారెల్ వేశాడు.

"భయం లేదా?" అని అడిగాను.

"లోపల ఏముందో నువ్వు చూశావు కదా," అంది.

ఎనభైమందిలో మూడో స్థానం వచ్చింది. పేరు చదివి పతకం వెయ్యగానే ఆ పిల్ల వేదిక మెట్లు దిగి, వాళ్ల అమ్మ దగ్గరికి కూడా పోకుండా, మా గది గుమ్మందాకా పరిగెత్తుకొచ్చింది. పతకం తీసి భాయ్ మెడలో వేసింది, ఆయన మెడలోంచి తీసి నా మెడలో వేసింది. బయట వసారాలో రఖీస్ రఖీసే అన్న సభ్యుడు కాప్టెన్‌ని ఆపి, తన కూతురికి ఈ తరగతిలో చోటు ఉందా అని అడుగుతున్నాడు.